ఇల్లరికపు దొర

పెన్నుకి మూత బిగించి, కాగితాన్ని బల్ల మీద అవతలి వైపుకు జరిపాడాయన.

"దీని మీద నేను సంతకం పెట్టను" అన్నాడు.

ముందు తెలుగులో అన్నాడు, తరువాత ఇంగ్లీషులో. తెలుగులో అన్నది మామగారి కోసం. ఇంగ్లీషులో అన్నది ఎడిన్‌బరో నుంచి వచ్చిన వకీలు కోసం. దుబాసీగా ఇద్దరి మధ్యా కూర్చున్న నాకు ఆ కాసేపు పని లేకపోయింది.

ఆయన కాదన్నది ఒకే ఒక్క మాటని. తాను ఇంతవరకూ పెళ్లి కానివాడినని ఆ కాగితంలో ఉంది. అది ఒప్పుకుని సంతకం పెట్టి, పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్న భార్యనే మద్రాసులో మళ్లీ ఒకసారి పెళ్లి చేసుకుంటే, ఆయన ఒక్కగానొక్క కూతురు స్కాట్లండులో ఒక పాత ప్రభువంశానికి వారసురాలయ్యేది. తరాలుగా వస్తున్న బిరుదు, సముద్రపు ఒడ్డున ఒక రాతి ఇల్లు ఆ పిల్లవి అయ్యేవి. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, వకీలుతో సహా.

ఇది అరవైల మొదట్లో, మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో జరిగింది. చర్చి పక్క గదిలో కూర్చున్నా కిటికీలోంచి ఆ ఘాటు లోపలికి వచ్చేది. వకీలు గంటలో నాలుగుసార్లు దగ్గాడు. మేమెవరమూ దగ్గలేదు. సంతకం పెట్టనన్న దొర కూడా దగ్గలేదు.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. రాద్దామన్నా ఏ పేరు రాయాలన్నదే ఒక తగాదా. ఆ తగాదా ఎలా పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అప్పటికి ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. నేను ఒంగోలులో ఒక దినపత్రికకు విలేకరిని. పత్తి ధర, మిరప ధర, పొగాకు కొనుగోళ్లు, అప్పుడప్పుడు ఒక ఖూనీ, ఇవీ నా వార్తలు. ఊరికి ఉత్తరాన నల్లరేగడి చేల మధ్య ఒక పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. గింజ నుంచి దూదిని వేరు చేసి, దూదిని బేళ్లుగా నొక్కే మిల్లు. తెల్లవాళ్లు కట్టించి, స్వరాజ్యం వచ్చాక ఇక్కడి షావుకారు ఒకాయనకు అమ్మేసి వెళ్లిపోయారు. యంత్రాలతో పాటు ఇంజనీరుని కూడా అమ్మేశారని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు.

"అవును, సామాన్ల జాబితాలో చివర నేనే ఉన్నా. నా తరువాత రెండు నిచ్చెనలు" అనేవాడు.

నేను మొదటిసారి వెళ్లింది యాభైల మధ్యలో, మిల్లు కూలీల తగాదా గురించి రాయడానికి. పెద్ద హాల్లో వరసగా యంత్రాలు ఆడుతున్నాయి. గాల్లో దూది పొగమంచులా ఉంది. ఖాకీ నిక్కరు వేసుకున్న ఒక పొడుగాటి తెల్లాయన నేల మీద మోకాళ్లూని, స్క్రూడ్రైవరు కొనను యంత్రానికి ఆనించి, చెక్కపిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. డాక్టరు రోగి గుండె వింటున్నట్టు ఉంది. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కళ్లు తెరవకుండానే అన్నాడు.

"దీనికి జలుబు చేసింది. సాయంత్రానికి దగ్గు మొదలవుద్ది."

తెలుగులో అన్నాడు. అదీ మా గుంటూరు తెలుగులో. నేను ఇంగ్లీషులో అడగాలని దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్నలన్నీ పోయాయి.

"కూలీలు పని మానేస్తారంటున్నారు, మీరేమంటారండి?" అన్నాను.

"నువ్వేమంటావు?"

"నేను విలేకరినండి. నేనేమీ అనకూడదు."

"నేను మరమ్మతువాణ్ణి. నేనూ అంతే" అని పక్క యంత్రం దగ్గరికి వెళ్లి మళ్లీ మోకాళ్లూనాడు.

ఆయన పద్ధతే అది. ఏదన్నా అడిగితే తిరిగి ఇంకొకటి అడుగుతాడు. ముఖ్యంగా సొంత కుటుంబం గురించి అడిగితే. ఒకసారి టీ తాగుతూ, "మీ దేశంలో మీ వాళ్లు జమీందారులంటగా?" అన్నాను.

"మీ ఇంటి పైకప్పు కారుద్దా?" అన్నాడు.

"లేదండి. మొన్ననే పెంకు మార్పించాం."

"మాది నేను పుట్టకముందు నించీ కారతానే ఉంది. ముప్పై గదుల్లోనూ కారుద్ది. ఇప్పుడు చెప్పు, ఇద్దరిలో జమీందారు ఎవరో."

కొద్దికొద్దిగా నాకు తెలిసింది ఇదీ. ఆయన ఒక ప్రభువుగారి రెండో కొడుకు. అక్కడ పెద్దకొడుక్కే అన్నీ వస్తాయి. బిరుదు, ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్న బీడు నేల, అందులోని గొర్రెలు, అన్నీ. దీన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేవాడు. "మా దగ్గర పెద్దవాడికి ఇల్లు, రెండోవాడికి ఓడ టికెట్టు." ఆ టికెట్టుతోనే ఇరవై నాలుగేళ్లకి మద్రాసులో దిగి, అక్కడి నుంచి ఈ మిల్లుకొచ్చాడు.

అసలు ఆయన్ని చూడవలసింది మిల్లు లోపల కాదు, మిల్లు గేటు దగ్గర.

మిల్లులో ఆయన ఇంజనీరు. మామగారు దావీదు బాయిలరులో బొగ్గు వేసే మనిషి. అంటే మిల్లులో ఈయన పై అధికారి, దావీదు కింది పనివాడు. ఇంటి దగ్గర దావీదు ఇంటి పెద్ద, ఈయన ఇల్లరికపుటల్లుడు. ఇద్దరూ పొద్దున్నే ఒకే ఇంట్లోంచి బయలుదేరి ఒకే మిల్లుకి వెళ్లేవాళ్లు. ఇంటి నుంచి గేటు దాకా దావీదు ముందు, దొర రెండడుగులు వెనక. గేటు దగ్గరికి రాగానే దావీదు తలగుడ్డ సర్దుకునే మిషతో పక్కకి తప్పుకునేవాడు. అక్కడి నుంచి దొర ముందు, దావీదు వెనక. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అదే చోట మారేవాళ్లు. పిలుపులు కూడా అంతే. గేటు లోపల 'దొరగారూ', గేటు బయట 'అబ్బాయ్'. గేటు లోపల 'దావీదూ', గేటు బయట 'మావయ్యా'. మిల్లులో దొర వస్తే దావీదు లేచి నిలబడేవాడు. ఇంట్లో దావీదు వస్తే దొర లేచి నిలబడేవాడు.

గేటు కాపలా మస్తాను నాతో మొరపెట్టుకున్నాడు. "ఎవరికి సలాం కొట్టాలో తెలవక చస్తన్నానండీ. లోపలికి పోయేటప్పుడు ఒకాయన పెద్ద, బయటికొచ్చేటప్పుడు ఇంకొకాయన పెద్ద. సరిగ్గా గేటులో ఉన్నప్పుడు ఎవరు పెద్దో మీరన్నా కనుక్కుని చెప్పండి."

నేను కనుక్కోలేకపోయాను.

ఈ ఇల్లరికం కథ నాకు దావీదే చెప్పాడు. మిల్లు చేతులు మారుతున్న ఏడాది దొరకి టైఫాయిడ్ వచ్చింది. బంగళాలో చూసేవాళ్లు లేరు. దావీదు ఆయన్ని బండిలో వేసుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. దావీదు కూతురు కరుణమ్మ మిషను బడిలో టీచరు. నెలన్నర పాటు జావ కాచి పోసింది. జ్వరం తగ్గి బంగళాకి వెళ్లిన వారానికి దొర మళ్లీ వచ్చి, కరుణమ్మను అడిగాడు.

"నేను చెప్పాను కదయ్యా" అన్నాడు దావీదు. "నాకు మగపిల్లలు లేరు దొరగారూ, పిల్లని పంపలేను. మీరే మా ఇంటికి రావాలి. వస్తే ఇంక ఈ ఇంటి మనిషే. ఇష్టమైతే చెప్పండి, లేకపోతే అన్నం తిని వెళ్లండి, అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? అన్నం తిని చెబుతా అన్నాడు."

తిన్నాడు, చెప్పాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక ఇనప మంచంతో దావీదు ఇంటికి వచ్చేశాడు. ఆ రోజుల్లో ఒక తెల్లాయన, అందులోనూ ఇంజనీరు, మాలపల్లెలో బాయిలరు పనివాడి ఇంటికి ఇల్లరికం రావడం అంటే చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద వింత. బండ్లు కట్టుకుని వచ్చి చూసి వెళ్లారట. క్లబ్బులో మిగిలిన ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారు. అడిగితే ఆయన, "మానేశారా? నేను గమనించనేలేదే. ఎప్పటినించి?" అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నారని నేను అడిగినప్పుడు మాత్రం తిరుగుప్రశ్న వేయలేదు. "ఇల్లు ఇస్తానన్న మనిషి నా జన్మలో ఈయనొక్కడే" అన్నాడు.

ఇల్లరికపుటల్లుణ్ణి ఎగతాళి చెయ్యని ఊరు మా వైపు లేదు. మిల్లులో హమాలీలు బేళ్లు మోస్తూ, "ఏం దొరా, ఇవాళ మామ అన్నం పెట్టాడా?" అనేవాళ్లు.

"పెట్టాడు. రేపు నిన్ను కూడా రమ్మన్నాడు. తిన్న కంచం నువ్వే కడుక్కోవాలంట."

"కూర ఏంటి?"

"గోంగూర. మా అత్త ఎంత కారం వేసిందో నీకు రేపు తెలుసుద్ది, ఎల్లుండి బాగా తెలుసుద్ది."

ఆ మాటకి హమాలీలు బేళ్లు దించి మరీ నవ్వారు.

ట్రంకు పెట్టెలో ఆయన వెంట తెచ్చుకున్న ఒక గళ్ల ఉన్ని గుడ్డ ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ గళ్లు. ఆ గళ్ల వరస వాళ్ల వంశానిదట, ఇంకెవరూ కట్టకూడదట. తాత కట్టుకున్న గుడ్డ. కరుణమ్మ మంచి మనసుతో దాన్ని వేణ్ణీళ్లలో కుంకుడు రసం వేసి ఉతికింది. ఉన్ని కుంచించుకుపోయి చాపంత గుడ్డ తువ్వాలంత అయింది. ఆవిడ భయపడుతూ తెచ్చి చూపిస్తే, ఆయన ఒంటికి పెట్టుకుని చూసి, "నాకు సరిపోదు. వచ్చేవాళ్లకి సరిపోద్దేమో చూద్దాం" అన్నాడట. ఆ ఏడు కూతురు పుట్టింది. ఎస్తేరు అని పేరు పెట్టారు. ఆ గుడ్డనే ఉయ్యాలలో కింద పరిచారు.

ఇంతవరకూ బాగానే ఉంది. యాభైల చివర్లో పోస్టుమాస్టరు ఒకరోజు నాకొక వింత చెప్పాడు. 'ఫలానా ప్రభువు' అని చిరునామా రాసిన ఉత్తరం ఒకటి విదేశం నుంచి వచ్చిందట. అటువంటి ప్రభువు ఈ ఊళ్లో లేడని రాసి వెనక్కి పంపించాడట. మూడు నెలలకి అదే ఉత్తరం, ఈసారి కింద మిల్లు పేరు కూడా చేర్చి, మళ్లీ వచ్చింది.

నేను ఆదివారం వెళ్లాను. ఆయన వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. అత్తగారు పని చెప్పిందట.

"మీరు ప్రభువు అయ్యారంట?"

"ఎవరన్నారు?"

"పోస్టుమాస్టరు."

"ఆయనకి ఆ అధికారం కూడా ఉందా?" అన్నాడు. తరువాత ఇంకో రెండు మూడు కాయల తొడిమలు తీశాడు. "కవరు మీద మా అన్నని పిలిచే పేరు ఉంది. అన్న ఉత్తరం నాకెందుకొచ్చిందా అనుకున్నా. విప్పితే, అన్న పోయాడంట, ఆ పిలుపు ఇప్పుడు నాదంట."

తండ్రి తరువాత ప్రభువైన ఆ అన్నకు పిల్లలు లేరు. అట్లా మా మిల్లు మరమ్మతువాడు స్కాట్లండులో ప్రభువు అయ్యాడు. నన్ను వార్త రాయొద్దన్నాడు. నేను రాయలేదు. ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే దావీదు వెనక నడిచి మిల్లుకి వెళ్లేవాడు.

అంతటితో పోయేదే. కానీ తరువాతి ఉత్తరంలో ఇంకో సంగతి వచ్చింది. ఆ వంశానికి ఎప్పుడో రాజుగారిచ్చిన సనదు ప్రకారం, కొడుకులు లేకపోతే కూతురికి కూడా బిరుదు వస్తుందట. ఆయన తరువాత ఎస్తేరుకి రావాలి. కాకపోతే ఒకటే షరతు. ఆ బిడ్డ చట్టప్రకారం పెళ్లయిన దంపతులకు పుట్టినదై ఉండాలి. పెళ్లి రుజువు కాకపోతే అంతా ఒక దూరపు జ్ఞాతికి పోతుంది.

దొరకి ఇవి పట్టవనుకున్నాను. నా అంచనా తప్పు. ఆ రోజుల్లో ఆయన మాటిమాటికీ ఆ ఊసే ఎత్తేవాడు. "నాకు ఇవ్వని ఇల్లు నా కూతురికి ఇస్తారంట" అనేవాడు. "అది ఒకసారి వెళ్లి ఆ మెట్లెక్కాలి. గదులన్నీ చూసి, కారే చోటల్లా చూసి, ఉంటే ఉండాలి, వద్దంటే వద్దని చెప్పి రావాలి. వద్దనడానికైనా ముందు హక్కుండాలిగా." ఆయన ఏదైనా కావాలని అనడం నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే.

పెళ్లి చర్చిలో జరిగింది. రిజిస్టరు ఉంది. ఇంకేం కావాలి అనుకున్నారందరూ.

ఇక్కడ ఆ ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఆ ఊళ్లో ఇల్లరికం వచ్చినవాణ్ణి మామగారి ఇంటిపేరుతోనే పిలుస్తారు, రాస్తారు. అది చట్టం కాదు, ఎక్కడా రాసి ఉన్నది కాదు. ఆ ఊరి మర్యాద, అంతే. పెళ్లినాడు పాస్టరుగారు ఆ మర్యాద ప్రకారమే రిజిస్టరులో పెళ్లికొడుకు పేరు రాశారు. దావీదు ఇంటిపేరు, దాని పక్కన దొర పేరుకు తెలుగు బైబిల్లో ఉన్న రూపం. చదివితే ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి అనుకుంటారు. దొర అదే పేరుతో, తెలుగులో సంతకం పెట్టాడు. పెళ్లికి ముందు వారం రోజులు కరుణమ్మ పలక మీద ఆ సంతకం దిద్దించిందట. తెలుగులో ఆయన నేర్చుకున్న మొదటి రాత అది.

పెళ్లి రుజువులు చూసుకోవడానికి దొర తరపు వకీలు వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. దొర కక్షిదారు కాబట్టి ఆయన చెప్పే అనువాదం చెల్లదని, బయటి మనిషి కావాలని వకీలు రాశాడు. దొర నన్ను రమ్మన్నాడు.

వకీలు ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు. మర్యాదస్తుడు. ఎండకి ముఖం కందిపోయింది. దావీదు ఇంట్లో మజ్జిగ రెండు గ్లాసులు తాగి, చర్చి పక్క గదికి వచ్చి కూర్చున్నాడు. బల్లకి ఒక వైపు అతను, రెండో వైపు దొర. పక్కన దావీదు. తలుపు దగ్గర బెంచీ మీద కరుణమ్మ. పాస్టరుగారు కొత్త తువ్వాలులో చుట్టిన రిజిస్టరు తెచ్చి, రెండు చేతులా బల్ల మీద పెట్టారు. ఆయన ముఖంలో పండగ కనిపించింది.

వకీలు పేజీ తెరిచాడు. చూశాడు. తన తోలు సంచిలోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. పెళ్లిళ్ల రిజిస్టరు నకళ్లు ప్రభుత్వానికి పంపుతారు కదా, మద్రాసులో దిగినప్పుడు ఆ నకలు ప్రతి తెచ్చుకున్నాడు. రెండూ మార్చి మార్చి చూశాడు. తరువాత రిజిస్టరు పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పేరు ఉన్నచోట, కింద సంతకం ఉండాల్సిన చోట కాగితం పలచబడి, వెలుతురు ఇవతలికి కనిపించింది.

"ఇక్కడ ఏమైంది?" అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

పాస్టరుగారు సంతోషంగా చెప్పారు. "మీరు వస్తున్నారని దొరగారు చెప్పారండి. అంత దూరం నుంచి పెద్దమనిషి వస్తుంటే, ప్రభువుగారి పేరు మా పల్లె ఇంటిపేరుతో ఉంటే ఏం మర్యాద? అందుకని నిన్న కూర్చుని, బ్లేడుతో శుభ్రంగా గీకి, అసలు పేరు రాశాను. సంతకం కూడా తెలుగులో ఉంది కదా, అదీ తీసేశాను. చోటు ఖాళీగా ఉంచా. దొరగారు మీ ముందే ఇంగ్లీషులో పెడతారు."

నేను అనువదించాను. అనువదిస్తుంటేనే నాకు అర్థమైంది ఏం జరిగిందో.

వకీలు కోప్పడలేదు. నెమ్మదిగా విడమర్చి చెప్పాడు. మద్రాసు నకలు ప్రకారం ఆ రోజు కరుణమ్మ ఈ ఊరి ఇంటిపేరున్న ఒక మనిషిని పెళ్లాడింది. ఈ పుస్తకం ప్రకారం ఇంకొక మనిషిని పెళ్లాడింది. ఒకే పెళ్లికి ఇద్దరు పెళ్లికొడుకులు తేలారు. పైగా ఇది గీకిన పుస్తకం. జ్ఞాతి తరపు వకీలు దీన్ని చూస్తే ఇంకేమీ చూడనక్కరలేదు.

"దిద్దకపోయి ఉంటే?" అని నేను అడిగాను, నా అంతట నేనే.

"రెండు చోట్లా ఒకే పేరు ఉండేది. ఈయన చేతి సంతకం ఉండేది. ఆ పేరు ఈయనదేనని ఊళ్లో నలుగురు చెబితే నాకు చాలు" అన్నాడు.

ఇది తెలుగులో చెప్పడానికి నాకు కొంచెం టైము పట్టింది. పాస్టరుగారు కూర్చోలేదు, నిలబడలేదు. బల్ల అంచు పట్టుకుని వంగి ఉండిపోయారు. దొర చెయ్యి చాపి, ఆ గీకినచోట వేలితో తడిమాడు. పత్తి పోగు నాణ్యం చూసేటప్పుడు ఆయన వేలు అట్లాగే కదిలేది.

"వారం రోజులు దిద్దానండీ పలక మీద" అన్నాడు పాస్టరుగారితో.

అప్పుడు వకీలు రెండో దారి చెప్పాడు. స్కాట్లండు చట్టంలో ఒక సదుపాయం ఉంది. తల్లిదండ్రులు పెళ్లి చేసుకోకముందు పుట్టిన బిడ్డ కూడా, వాళ్లు తరువాత ఎప్పుడు పెళ్లి చేసుకున్నా సక్రమ సంతానమే అవుతుంది. కాబట్టి మద్రాసు వెళ్లి ఇప్పుడు పెళ్లి చేసుకోండి. నెల రోజుల పని. కాకపోతే అప్పటిదాకా అవివాహితుణ్ణని ముందు రాసివ్వాలి. కాగితం టైపు చేయించి తెచ్చాడు కూడా. ఎందుకైనా మంచిదని తెచ్చానన్నాడు.

నేను చెప్పడం పూర్తి కాకముందే దావీదు అడిగాడు. "అంటే ఇన్నాళ్లూ మా అమ్మాయి ఎవరైనట్టు?"

ఇది ఇంగ్లీషులో చెప్పాను. వకీలు ముఖం ఇంకాస్త కందింది. అది కేవలం కాగితం మీద మాట అనీ, ఈ ఊళ్లో ఎవరూ చూడరనీ అన్నాడు.

"నాన్నా, నువ్వాగు" అంది కరుణమ్మ బెంచీ మీద నుంచి. "ఏవండీ, పెట్టండి సంతకం. మనకి పెళ్లయిందని ఊరికి తెలుసు, దేవుడికి తెలుసు. పిల్లకి కావాల్సిన చోట వాళ్లకి తెలవాలిగా."

"అది అబద్ధం కదా" అన్నాడు దొర.

"అబద్ధమే. అది నా మీద అబద్ధం. నేను మోస్తాను, మీకేంటి?"

ఆయన పెన్ను మూత తీశాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. మొదటి నుంచి చివరి దాకా చదివాడు, మళ్లీ చదివాడు. బయట ఎవరో పారతో మిరపకాయలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. నాకు గుర్తున్నంతలో ఆయన చెయ్యి ఒకసారి కాగితం మీదకి వెళ్లింది. కరుణమ్మ వైపు చూడలేదు. దావీదు వైపు చూశాడు. తరువాత జరిగింది మొదటే చెప్పాను.

కరుణమ్మ లేచి, అతిథికి అన్నం చూడాలని వెళ్లిపోయింది. వారం పాటు ఆవిడ మొగుడితో మాట్లాడలేదని దావీదు తరువాత చెప్పాడు.

వకీలు ఇంకా రెండు రోజులు ఉన్నాడు. పెళ్లి చూసినవాళ్ల వాంగ్మూలాలు రాసుకున్నాడు. అన్నీ నేనే ఇంగ్లీషు చేశాను. కొందరు సంతకాలు, ఎక్కువమంది వేలిముద్రలు. పాస్టరుగారు తాను ఏమి గీకారో, ఎందుకు గీకారో తన చేత్తోనే రాసిచ్చారు. ఉద్యోగం పోవచ్చని నేను హెచ్చరిస్తే, "పోనివ్వండి. చేసింది రాయకపోతే ఎట్లా?" అన్నారు. రైలెక్కేటప్పుడు వకీలు నన్ను ఒకటే అడిగాడు. ఆయన్ని నిజంగానే ఊళ్లో మామగారి ఇంటిపేరుతో పిలుస్తారా అని. పిలుస్తారన్నాను. అది కూడా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ తరువాత దొరని నేను చాలాసార్లు కలిశాను. సంతకం సంగతి ఒక్కసారే ఎత్తాను. "తొందరపడ్డారేమో" అన్నాను.

"నీకు పెళ్లయిందా?" అన్నాడు.

"అయింది కదండీ, మీరూ వచ్చారు."

"కాలేదని రాసివ్వు చూద్దాం."

అరవైల చివర్లో, పత్తి సీజను ముగిసిన వారానికి, గుండెపోటుతో పోయాడు. మిషను శ్మశానంలో పూడ్చారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. దావీదు అప్పటికి బాగా ముసలివాడయ్యాడు. అరుగు మీద కూర్చుని, "అబ్బాయి ముందెళ్లాడయ్యా" అన్నాడు.

ఆయన గొప్పవాడని ఊరంతా అంటుంది. మిల్లు ప్రభువు పెళ్లాం పరువు కోసం సంస్థానం వదులుకున్నాడని చిలవలు పలవలు చేసి చెబుతారు. కరుణమ్మ ఆ మాట ఒప్పుకోదు. ఒకసారి నాతో అంది. "నేను అడిగానా అండీ నా పరువు నిలబెట్టమని? నేనడిగింది పిల్ల కోసం. పిల్లకి పన్నెండేళ్లు కూడా లేవు అప్పటికి. దాన్ని ఎవరన్నా అడిగారా?" మళ్లీ తనే, "కానీ ఆయన సంతకం పెట్టుంటే ఆ రాత్రి నాకు అన్నం సయించేదో లేదో, అది కూడా నాకు తెలవదు" అంది.

ఎస్తేరు ఇప్పుడు పొదిలిలో టీచరు. తండ్రిలాగే పొడుగు. తండ్రిలాగే అడిగినదానికి ముందు ఇంకొకటి అడుగుతుంది. తండ్రి పోయాక ఎడిన్‌బరో నుంచి ఉత్తరాలు ఆవిడకి రావడం మొదలయ్యాయి. దూరపు జ్ఞాతి బిరుదు తనకివ్వమని అర్జీ పెట్టుకున్నాడు. కూతురి సంగతి తేలేదాకా ఇవ్వడం కుదరదని అక్కడివాళ్లు ఆపారు. ఆ ఊరివాళ్ల వేలిముద్రలు, మద్రాసు నకలు, గీకిన పేజీ ఫొటో అన్నీ ఒక ఫైల్లో ఉన్నాయట. వాటి మీద తీర్పు చెప్పాలంటే ముందు ఎస్తేరు అడగాలి. అక్కరలేదంటే ఆ సంగతైనా రాసివ్వాలి.

ఆ కాగితాలు ఆవిడే నాకు చూపించింది, ఇంగ్లీషు సరిగ్గా అర్థమైందో లేదో చూడమని. రెండు రకాల కాగితాలున్నాయి. అడగడానికి ఒకటి, వదులుకోవడానికి ఒకటి. రెండింటిలోనూ మొదటి గడి ఒకటే: అర్జీదారు తల్లిదండ్రులకు చట్టప్రకారం వివాహమైనదా, కాలేదా? అయిందని రాస్తే రుజువు జతపరచాలి, ఉన్న రుజువేమో గీకిన పుస్తకం. కాలేదని రాస్తే తండ్రి రాయనన్న మాట కూతురు రాసినట్టవుతుంది.

ఎస్తేరు రెండింటిలో దేన్నీ పూర్తి చెయ్యలేదు. స్కాట్లండులో ఆ బిరుదు ఈ రోజుకీ ఎవరి పేరా లేదు.